జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన చిత్రం: ఈమెది దిగులా, ఎదురుచూపా?

మూసీ ఒడ్డు
గురువారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ రోజు పొద్దున ఇత్తడి కుందుల కోసం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లాను. కుందులు దొరకలేదు గాని ఒక తైలవర్ణ చిత్రంతో ఇంటికి వచ్చాను. పాత గడియారాలు, తలుపు గొళ్లేల గుట్ట పక్కన గోడకు తలకిందులుగా ఆనించి ఉంది. అలా తిరగేసి ఉన్నా ఆ కళ్లు నన్ను ముందుకు కదలనివ్వలేదు. మూడు వేలు చెప్పి పద్దెనిమిది వందలకు ఇచ్చారు. ఏదో పాత ఇల్లు కూల్చినప్పుడు సామానుతో పాటు వచ్చిందట. అంతకు మించి ఆ దుకాణం పెద్దాయనకు తెలియదు. చిత్రం మీద సంతకం కూడా లేదు.

ఫోటో పెట్టాను గాని, దీపం వెలుగులో తీసింది కాబట్టి మాటల్లోనూ చెబుతాను. ఎత్తు రెండున్నర అడుగులు ఉంటుంది. ముప్పై, ముప్పై అయిదేళ్ల స్త్రీ కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉంది. ముదురు రంగు చీర, నడుముకు తాళం చెవుల గుత్తి. ఒళ్లో సగం కట్టిన మల్లెమాల, పక్కన చేటలో మొగ్గలు. చేతులకు ఒక్కొక్క బంగారు గాజు మాత్రమే ఉంది. పైట భుజాల నిండా కప్పుకుంది గనుక మెడలో ఏముందో కనిపించదు. నుదుట బొట్టు లేదు. చిత్రమంతా తేనె రంగు వెలుగు, పొద్దు వాలుతున్నట్టుగా. ఆమె తల కొద్దిగా ఎత్తి, మన వైపు కాకుండా, మనకు జానెడు ఎడమగా ఎవరినో చూస్తోంది.

అమ్మ చూడగానే “ఎంత దిగులుగా ఉందో పాపం” అంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని దాన్ని ఎదురుగా పెట్టుకుని భోజనం చేశాక ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. మీకు ఏమనిపిస్తోంది?


పద్యప్రియ
గురువారం, రాత్రి 10:05

అమ్మా, మంచి చిత్రం తెచ్చుకున్నారు. నాకు ఇందులో సందేహమే కలగడం లేదు. సందెవేళ, మల్లెలు, సగంలో ఆగిన మాల, ఎటో చూసే చూపు. మన అలంకార శాస్త్రం నాయికలను ఎనిమిది విధాలుగా చెప్పింది. ప్రియుడు వస్తాడని ఇల్లూ ఒళ్లూ సింగారించుకుని కూర్చున్నది వాసకసజ్జిక. వేళ దాటినా రాలేదని తపించేది విరహోత్కంఠిత. ఈమె మొదటి దానిలోంచి రెండో దానిలోకి జారుతున్న క్షణంలో ఉంది. మాల మొదలుపెట్టినప్పుడు వాసకసజ్జిక, చేయి ఆగినప్పుడు ఉత్కంఠిత.

రాగాలను మనుషుల రూపంలో చూపే రాగమాల చిత్రాల్లో తోడి రాగిణిని చూడండి. వీణ పట్టుకుని నిలబడుతుంది, లేళ్లు చుట్టూ చేరి వింటుంటాయి. మనిషి తోడు లేకపోవడం లేళ్లు ఉండడం వల్లే మనకు తెలుస్తుంది. మన చిత్రకారులు లేనిదాన్ని చూపించడానికి ఉన్నదాన్ని వాడుకున్నారు. ఇక్కడ ఆ పని మాల చేస్తోంది.


నీలిమేఘం
గురువారం, రాత్రి 10:31

పద్యప్రియ గారూ, మీరు బొట్టు సంగతి వదిలేశారు. నుదురు బోసిగా ఉంది, గాజులు ఒక్కొక్కటే, పైట నిండుగా కప్పుకుంది. నాకైతే ఈమె భర్త పోయిన స్త్రీ. ఆ మాల ఆమె కోసం కాదు. తను పెట్టుకోలేని పూలను ఇంకెవరి కోసమో కడుతోంది. నడుముకు ఉన్న తాళాలు కూడా అదే చెబుతున్నాయి. ఇంటి బరువంతా ఆమెది, ఇంటి సంబరంలో మాత్రం చోటు లేదు. ఎవరో పెళ్లిబట్టల్లో గదిలోకి వస్తే తలెత్తి చూసినట్టుంది. నేను ఫోటో చాలాసేపు చూడలేకపోయాను.


అమ్మమ్మ పెట్టె
గురువారం, రాత్రి 11:20

నీలిమేఘం, మీరు రాసింది చదివి కాసేపు ఆగి రాస్తున్నాను.

మా అమ్మమ్మకు ఇరవై ఆరేళ్లకే తాతయ్య పోయారు. ఆ తరవాత అరవై ఏళ్లు రోజూ దేవుడికి మాల కట్టింది. తలలో ఒక్క పువ్వు పెట్టుకోలేదు, అది నిజం. ఆ కట్టుబాటు అన్యాయం, అందులో వాదన లేదు. కాని మాల కట్టేటప్పుడు ఆమె ముఖంలో ఉన్నంత నెమ్మది ఇంకెప్పుడూ చూడలేదు. ఆ అరగంట ఎవరూ ఆమెకు పని చెప్పేవారు కాదు. బొట్టు లేని ముఖమంటే దుఃఖమేనని మనం ముందే అనుకుని చూస్తే, ఆ అరగంట మనకు కనబడదు.


కుంచె పట్టిన చేయి
శుక్రవారం, ఉదయం 6:48

పిల్లలకు బొమ్మలు నేర్పడమే నా పని, కాబట్టి కథ జోలికి పోకుండా రంగు గురించి మాట్లాడతాను.

చిత్రంలో మనసు స్థితి వస్తువుల కన్నా ముందు వెలుగు నుంచి వస్తుంది. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో దీపం పట్టుకున్న స్త్రీ చిత్రం ఉంది. రవివర్మదని చాలామంది అనుకుంటారు గాని అది హల్దంకర్ వేసిన నీటిరంగుల చిత్రం, 1940ల నాటిది. దీపానికి అడ్డు పెట్టిన వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు వస్తుంది. ఆ వేళ్లు తీసేసి దీపం పక్కన పెట్టండి, అదే ముఖం మామూలు ముఖమైపోతుంది. మన చిత్రకారుడు తోట వైకుంఠం గారు వేసే స్త్రీలను చూడండి. నల్లని ఒళ్లు, నిండు ఎరుపు, నుదుట రూపాయి కాసంత బొట్టు. నీడలు దాదాపు ఉండవు. నీడ లేకపోతే దిగులుకు దాక్కునే చోటు దొరకదు. వాళ్లు అందుకే అంత ధీమాగా కనబడతారు. అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ దీనికి పూర్తిగా వేరు. ముగ్గురూ పక్కపక్కనే ఉంటారు, ఒకరి ముఖం ఒకరు చూడరు, మనల్నీ చూడరు. వాళ్ల చేతిలో పువ్వు లేదు, పంజరం లేదు, ఉత్తరం లేదు. వాళ్లు కనురెప్పలు వాల్చి కూర్చోవడంతోనే షేర్‌గిల్ అంతా చెప్పేసింది.

అందుకని మూసీ ఒడ్డు గారికి నా మనవి. చిత్రాన్ని పగటి వెలుగులో ఫోటో తీయండి. తరవాత గది చీకటి చేసి, టార్చి వెలుగు పక్క నుంచి, గోడను రాసుకుంటూ పోయినట్టు వేయండి. రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పల్చగా ఉందో తెలుస్తుంది. పెదవి చివరలు దగ్గర నుంచి తీయండి. కళ్లు ఏమి చెబుతున్నాయో అని అందరూ అడుగుతారు గాని, ముఖంలో దిగులును ఖాయం చేసేది పెదవి కొసలే.


మూసీ ఒడ్డు
శుక్రవారం, రాత్రి 8:40

మీరు చెప్పినట్టే చేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

పెదవి కొసలు కిందికి వాలలేదు. పైకీ లేవలేదు. ఎడమ కొస దగ్గర చిన్న నీడ ఉంది, ఏదో అనబోయి ఆగినట్టు.

టార్చి పక్క నుంచి వేసేసరికి చీర కుచ్చెళ్లు గీతలు గీతలుగా లేచాయి. వెలుగును మెల్లగా ముఖం మీదికి తెచ్చాను. కనుబొమల మధ్య ఒక గుండ్రని గుబ్బ కనిపించింది. కందిగింజంత. చుట్టూ చర్మం రంగు నున్నగా ఉంది, అక్కడ మాత్రం రంగు దిట్టంగా, బొడిపెలా ఉంది. రంగు మాత్రం నుదుటి రంగే. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ లేదు. పక్క నుంచి చూస్తే ఉంది.

బొట్టు పెట్టి, తరవాత తుడిచేశారా?


పాత కాన్వాస్
శనివారం, ఉదయం 10:15

పాత చిత్రాలను బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఈ చర్చలోకి రాకుండా ఉండలేకపోయాను.

తుడిచి ఉంటే గుబ్బ కూడా పోయేది. లక్క, మంజిష్ఠ వంటి వాటి నుంచి తీసిన కొన్ని ఎరుపులు వెలుగుకు నిలవవు. అడుగున చర్మం రంగుతో చిన్న గుబ్బ పెట్టి, పైన పల్చగా అటువంటి ఎరుపు పూయడం చిత్రకారులు చేసే పనే. ఏళ్ల తరబడి ఎండ తగిలే గోడ మీద ఉంటే పైపూత వెలిసిపోతుంది, గుబ్బ మిగులుతుంది. ఫోటో చూసి ఖాయంగా చెప్పను గాని, నాకు కనిపిస్తున్నది అదే. అంటే ఆమెకు బొట్టు ఉండేది. దాన్ని చెరిపింది మనిషి కాకపోవచ్చు, సూర్యుడు కావచ్చు.

ఇంకో మాట. మీరంతా సందెవేళ అంటున్న ఆ తేనె రంగు నాకు అనుమానంగా ఉంది. తైలవర్ణ చిత్రం ఆరాక పైన రక్షణకు వార్నిష్ పూస్తారు. చెట్ల జిగురుతో చేసిన వార్నిష్ గాలి తగిలి ఏడాదికేడాది పసుపెక్కుతుంది, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. తెలుపు మీగడలా, నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. దానికి తోడు ఇంట్లో సాంబ్రాణి పొగ, దీపపు మసి. రెంబ్రాంట్ 1642లో వేసిన పెద్ద చిత్రానికి లోకమంతా ‘రాత్రి గస్తీ’ అని పేరు పెట్టుకుంది. నల్లబడిన వార్నిష్ తీశాక చూస్తే అందులో ఉన్నది పగటి వెలుగే. మోనాలిసాకు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఆ కాలం నాటి నకలు ఒకటి ఉంది. అందులో ఆ స్త్రీ వెనక కనిపించే చోటంతా నల్లరంగు పూసి ఉండేది. ఆ పూతనూ పాత వార్నిష్‌నూ తీసి 2012లో జనానికి చూపించారు. కనుబొమలు స్పష్టంగా ఉన్నాయి, బుగ్గలు తాజాగా ఉన్నాయి, వెనక కొండలూ నీళ్లూ ఉన్నాయి. పారిస్‌లోని మోనాలిసాను పచ్చబడిన వార్నిష్ కింద చూసి గూఢమైన స్త్రీ అంటున్నాం. ఆ గూఢత్వంలో కొంత వాటా జిగురుదే.

మీ చిత్రంలో కిటికీ అవతలి ఆకాశం పాచి రంగులో ఉంది. ఆకాశం ఆ రంగులో ఉంటుందా?

దయచేసి ఇంట్లో ఏదీ ప్రయత్నించకండి. బంగాళాదుంప ముక్కతో, సబ్బు నీళ్లతో రుద్దమని చెప్పేవాళ్లు ఉంటారు. తడి పగుళ్లలోంచి అడుగుపూతలోకి దిగితే రంగు పొట్టులా లేచిపోతుంది. పని తెలిసినవాళ్ల చేత ఒక మూల చిన్న గడి మాత్రం శుభ్రం చేయించండి.


పద్యప్రియ
శనివారం, మధ్యాహ్నం 12:02

పాత కాన్వాస్ గారి మాట శిరోధార్యం. కాని చిత్రకారుడు సందెను ఉద్దేశించలేదని దీనితో తేలలేదు. వార్నిష్ కింద ఉన్నది కూడా సందె వెలుగే కావచ్చు. మల్లెలకు పొద్దు వాలడానికీ ఉన్న సంబంధం కవులు కల్పించింది కాదు, ఆ పువ్వు విచ్చుకునే వేళే అది.


మల్లెమొగ్గ
శనివారం, మధ్యాహ్నం 2:30

అయ్యా, ఆ చివరి మాట దగ్గరే నేను మాట్లాడాలి. మాది పూల వ్యాపారం. మా నాన్న, ఇప్పుడు మా అన్నయ్య తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తారు. నేను తొమ్మిదో ఏట నుంచి మాల కడుతున్నాను.

మల్లెను మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు, తెల్లవారుజామున. మార్కెట్‌కు వచ్చేసరికి బిగుసుకుని ఉంటుంది. కట్టే పని మధ్యాహ్నం లోపే అయిపోవాలి. సాయంత్రానికి మొగ్గ విచ్చుతుంది, విచ్చిన పువ్వును కడితే రేకులు నలిగిపోతాయి. మూర వేసి అమ్మేటప్పుడు మొగ్గలుంటేనే కొంటారు, ఇంటికి వెళ్లి తల దువ్వుకునే వేళకు విచ్చుకుంటాయని. పగటి ఫోటోలో చేట దగ్గర నుంచి చూశాను. ఒక్కటి కూడా విచ్చలేదు. కాడ దగ్గర లేత ఆకుపచ్చ కూడా వేశారు. ఇది సందె కాదు. పదకొండో పన్నెండో అయి ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది చేతులు. మీరంతా మాల సగంలో ఆగిపోయింది అంటున్నారు. ఆగలేదు. అటు రెండు మొగ్గలు, ఇటు రెండు మొగ్గలు పెట్టి, తడిపిన అరటినారను చుట్టి, మెలిక తిప్పి బిగిస్తాం. మెలిక బిగిసేదాకా ఎడమ బొటనవేలు, చూపుడువేలు తీయకూడదు, తీస్తే మొగ్గలు జారిపోతాయి. ఆమె ఎడమ చేతి వేళ్లు గోళ్లు తెల్లబడేంతగా నొక్కి ఉన్నాయి. కుడి చేతిలో నార ఉంగరంలా చుట్టి ఉంది, ఇంకా లాగలేదు. ఆమె మెలిక మధ్యలో ఉంది. దిగులుతో చేతులు ఆగితే ముందు వేళ్లు వదులవుతాయి. ఈ వేళ్లు వదులు కాలేదు.

బొమ్మ వేసిన మనిషికి మాల కట్టడం తెలుసు, లేదా కట్టేవాళ్లను దగ్గర కూర్చుని చూశారు. ఊహించి వేస్తే ఈ పట్టు రాదు.


కుంచె పట్టిన చేయి
శనివారం, మధ్యాహ్నం 3:10

మల్లెమొగ్గ గారూ, మీ మాట చదివి ఫోటో మళ్లీ తెరిచాను. రెండు రోజులుగా చూస్తూ కూడా గమనించని సంగతి ఇప్పుడు కనబడింది. కిటికీ కింద నేల మీద ఎండ చార ఉంది కదా. అది గోడను ఆనుకునే ఉంది, జానెడు కన్నా లోపలికి రాలేదు. పొద్దు వాలే వేళైతే ఎండ ఏటవాలుగా గది మధ్యదాకా పారాలి. ఎండ గోడ మొదట్లోనే పడిందంటే సూర్యుడు నడినెత్తి దగ్గర్లో ఉన్నాడు.

మొగ్గలూ, ఎండ చారా ఒకే మాట చెబుతున్నాయి.


నీలిమేఘం
శనివారం, సాయంత్రం 5:45

నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను, బొట్టు వరకు. ఆమె మీద జాలి పడడానికి నేను తొందరపడ్డాను. అయినా తాళాల గుత్తి నన్ను వదలడం లేదు. చిత్రంలో అన్నిటికన్నా శ్రద్ధగా వేసింది దాన్నే. ఒక్కో తాళం చెవికి ఒక్కో మెరుపు చుక్క పెట్టారు. చీరకు అంత శ్రద్ధ లేదు. బొమ్మ వేసినవారికి ఆమె ఇంటి యజమానురాలని గట్టిగా చెప్పాలని ఉంది.


పద్యప్రియ
శనివారం, రాత్రి 9:30

నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిని. పూలు కట్టే అమ్మాయి ఒక పాఠం చెప్పింది, నేర్చుకున్నాను. సందెవేళ అన్న మాట ఉపసంహరించుకుంటున్నాను.

చూపు విషయంలో మాత్రం నా వాదన నిలిచే ఉంది. ఒక గుర్తు మరో గుర్తును కొట్టేయనక్కర్లేదు. దక్కన్‌లోనే, బీజాపూర్‌లో 1600 దాటిన తొలి ఏళ్లలో వేసిన ‘మైనాతో యోగిని’ చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లో ఉంది. ఆమె ముఖం విభూతి పూసిన బూడిద రంగు, ఒంటి నిండా నగలు. వెనక దూరంగా తెల్లని భవనం, చేతి మీద మైనా ముఖానికి ముఖం పెట్టి ఏదో చెబుతున్నట్టు. సన్యాసినా, రాజకుమార్తెనా? మైనా తెచ్చింది ప్రియుడి కబురా, జ్ఞానమా? నాలుగు వందల ఏళ్లుగా ఎవరూ తేల్చలేదు, తేలకపోవడం వల్లే ఆ చిత్రం ముందు నుంచి కదలలేం. మన ఈమె చేతులు పనిలో ఉన్నాయి, ఒప్పుకుంటాను. చూపు పనిలో లేదు. ఆ చూపు ఎవరి మీదో ఉంది. ఎవరి మీద?


కుంచె పట్టిన చేయి
శనివారం, రాత్రి 9:52

బొమ్మ వేసినవారి మీద మాత్రం కాదు. వేస్తున్న మనిషిని చూస్తే ఆ కళ్లు మనల్ని చూసేవి. జానెడు పక్కకు, కొంచెం కిందికి. కుంచె పట్టిన మనిషి నిలబడి ఉంటే, పక్కన ఉన్నది కూర్చున్నవారో, పిల్లలో.


మూసీ ఒడ్డు
మూడు వారాల తరవాత, ఆదివారం, రాత్రి 7:25

ఆలస్యానికి క్షమించండి. పని తెలిసిన ఒకరి దగ్గరికి చిత్రాన్ని తీసుకువెళ్లాను. మొదట అతినీలలోహిత దీపం కింద పెట్టి చూపించారు, చిత్రమంతా లేత ఆకుపచ్చగా వెలిగింది. పాత జిగురు వార్నిష్ అలాగే మెరుస్తుందట. తరవాత కిటికీ ఉన్న మూల అంగుళం గడి మాత్రం శుభ్రం చేశారు. అగ్గిపుల్లకు చుట్టిన దూదిని ఏదో ద్రావకంలో తడిపి, ఒరిపిడి లేకుండా దొర్లించారు. దూది టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. అలా పదిహేను పుల్లలు. గడిలో ఆకాశం బయటపడింది. తెల్లబోయిన నీలం, మన ఊళ్లో ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం ఉండే నీలం. మల్లెల కాలం కూడా అదే కదా.

మిగతాది శుభ్రం చేయించడానికి డబ్బు కూడబెట్టుకోవాలి. ప్రస్తుతం అంగుళం ఆకాశంతోనే గోడకు వేలాడదీశాను, ఎండ తగలని గోడకు.

పద్యప్రియ గారి ప్రశ్నకు నా దగ్గర సాక్ష్యం లేదు. ఈ రోజు జరిగింది చెబుతాను. పొద్దున అమ్మ మల్లెలు తెప్పించుకుని చిత్రం కింద చాప మీద కూర్చుని మాల కడుతోంది. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టావని అడుగుదామని గుమ్మంలోకి వచ్చి “అమ్మా” అన్నాను. తలెత్తింది. ఆ క్షణంలో పైన ఆమె, కింద అమ్మ, ఇద్దరి ముఖాలూ ఒకటే. అమ్మ దిగులుగా లేదు. నవ్వుతూనూ లేదు. నేను ఏమి అడగబోతున్నానో అని వింటోంది.


మల్లెమొగ్గ
ఆదివారం, రాత్రి 7:40

అక్కా, ఒక్కటి చెప్పండి. అమ్మగారు తలెత్తినప్పుడు ఎడమ చేతి వేళ్లు వదిలారా?


మూసీ ఒడ్డు
ఆదివారం, రాత్రి 7:44

లేదు. నేను అడగడం అయ్యేదాకా అలాగే నొక్కి పట్టుకుంది. తరవాత కుడి చేత్తో నార లాగి మెలిక బిగించి, “పొయ్యి కింద అరలో ఉంది” అంది.